తోట రైలుకు ఎర్ర దీపం

రైల్వేలో సిగ్నల్ టెక్నీషియన్‌గా చేరి, సీనియర్ టెక్నీషియన్‌గా రిటైరయ్యాను. సర్వీసంతా నాందేడ్ చుట్టుపక్కలే గడిచింది, అందులో ఎక్కువ కాలం ఉమ్రిలో. ఇప్పుడు ఈ పనిలో కొత్తగా చేరిన అమ్మాయిలు, అబ్బాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మేడం, మీరు మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. వాళ్ళు ఏ గూడ్సు పట్టాలు తప్పిన కథో, వరదలో కేబుళ్ళు కొట్టుకుపోయిన కథో చెబుతానని ఎదురుచూస్తారు. నేను చెప్పేది రిటైరయ్యాక జరిగింది. పిల్లలు గుర్రం ఎక్కినట్టు చెరో వైపు కాలు వేసి కూర్చునే తోట రైలు సంగతి. వినగానే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. వాడిపోతే వాడిపోనీ, నాకు బీపీ మాత్రలు మొదలైంది ఆ రైలుతోనే.

ముందే చెబుతున్నాను, నేను వట్టి పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదో అని గేటు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం. మా ఆయన నవ్వుతూ అనేవారు, "నువ్వు భయపడుతున్నందుకే సర్కారు నీకు జీతమిస్తున్నది. మళ్ళ ఇంట్ల ఓవర్‌టైం ఎందుకు చేస్తవ్?" అని. అది ఎగతాళే అయినా అందులో నిజముంది. ఉమ్రిలో చేరిన కొత్తలో మా సూపర్‌వైజర్ సాహెబ్ ఒకాయన ఉండేవారు. పాన్ నములుతూ రిలే రూములో నన్ను నిలబెట్టి మొదటి రోజే చెప్పారు. "సిగ్నల్ ఖరాబ్ కాకుండ ఎవ్వడూ ఆపలేడు బేటీ. ఖరాబైతే ఎర్రగ ఖరాబ్ కావాలె. పచ్చగ ఖరాబైందనుకో, మనం మన చేతులతోని మనుషులను సంపినట్టే." ఆ మాట నా చెవిలో అట్లాగే ఉండిపోయింది. అయితే ఎర్రగా చెడిపోయిన ప్రతిసారీ బండి ఆగుతుంది, కంట్రోల్ నుంచి ఫోన్లు వస్తాయి, స్టేషన్ మాస్టర్ కేకలేస్తాడు, డ్రైవర్ కిటికీలోంచి చేయి ఊపుతూ ఏదో అంటాడు. సర్వీసులో నేను తిన్న తిట్లన్నీ ఎర్ర దీపం వల్లే తిన్నాను.

అట్లా కిటికీలోంచి అరిచిన డ్రైవర్లలో ఒకాయన నాకంటే ముందు రిటైరయ్యాడు. రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పుడు మా పక్కింటివాడు, వయసులో పెద్దవాడు, నేను అన్నా అంటాను. ఒకరోజు పొద్దున్నే వచ్చి చాయ్ తాగుతూ, "చెల్లే, అర్ధాపూర్ రోడ్డు మీద అరటితోట మాలక్ ఒకాయన తోటల రైలు పెడుతుండు. పిల్లలకు. నన్ను డ్రైవర్‌గ పిలిచిండు. నువ్వు జర అచ్చి సిగ్నళ్ళు ఏం పెట్టాల్నో చెప్పరాదు?" అన్నాడు.

"బొమ్మ రైలుకు సిగ్నళ్ళు ఎందుకన్నా?"

"గదే నేనన్న. జెండా పట్టుకొని ఒక మనిషి నిలబడితె బస్ అన్న. ఆయన వినలే. ఆటోమేటిక్ కావాల్నంట."

మరునాడు వెళ్ళాను. యజమాని సరిహద్దు పల్లెల నుంచి వచ్చిన తెలుగు రైతు కుటుంబం మనిషి. అరటి, పసుపు పండిస్తాడు. మనతో తెలుగు, కూలీలతో మరాఠీ, ఫోనులో హిందీ. మనిషి ఉత్సాహవంతుడు, ఓపిక తక్కువ. తోట చుట్టూ పట్టాలు పరిచేశాడు. పట్టాల మధ్య దూరం మూరకు తక్కువే. వాటి మీద బ్యాటరీతో నడిచే చిన్న ఇంజను, వెనక బల్లల్లాంటి పెట్టెలు. అట్లాంటి బండ్లు రెండు. ఒకటి తిరిగి వచ్చేదాకా పిల్లలు వరుసలో నిలబడి ఏడవకుండా రెండూ ఒకే దారి మీద ఒకదాని వెనక ఒకటి తిరుగుతాయట. అంతవరకూ నాకేమీ అనిపించలేదు. ఆ తరువాత సొరంగం చూపించాడు.

పెద్ద సిమెంటు పైపులు వరుసగా పేర్చి, పైన మట్టి పోసి గుట్ట చేశాడు. ప్లాట్‌ఫాం నుంచి దారి కొంచెం పల్లంగా దిగి ఆ సొరంగంలోకి పోతుంది. వంగి చూశాను. అవతలి వెలుతురు కనబడలేదు. మధ్యలో వంపు ఉంది.

"వంపు ఎందుకు పెట్టిండ్రు?" అని అడిగాను.

"మజా కోసం అక్కా. లోపల ఏం కనిపించది. పిల్లలు భయపడి కేకలేస్తరు. గదే మజా."

ముందు బండి ఆ వంపు అవతల ఏ కారణం చేతనైనా ఆగితే, పల్లంలో వచ్చే వెనక బండి డ్రైవరుకు అది కనబడదు. కనబడే సరికి ఇంజను ముక్కు వెళ్ళి చివరి పెట్టెలో కూర్చున్న పిల్ల వెన్నుకు తగులుతుంది. ఆ పిల్లకు వెనక ఆనుకోవడానికి ఒక పలక కూడా లేదు. ఇవన్నీ యజమానితో అన్నాను. ఆయన కాసేపు తల గోక్కుని, "అందుకే గద అక్కా మిమ్మల్ని పిలిచింది" అన్నాడు. దాంతో ఆ సొరంగం నా నెత్తిన పడింది.

సిగ్నల్ ఒక్కటే చాలు, సొరంగం ముందు. లోపల బండి ఉంటే ఎరుపు, లేకపోతే ఆకుపచ్చ. ఆ సిగ్నలుకు లోపల బండి ఉన్నట్టు ఎట్లా తెలియాలన్నదే ప్రశ్న. పుణె నుంచి వచ్చిన కంపెనీ అబ్బాయి షెడ్డులో బల్ల మీద మూడు రకాలు పరిచాడు. మొదటిది కంటికి కనబడని కిరణం, బండి అడ్డం వస్తే గుర్తు పడుతుంది. యజమానికి అది బాగా నచ్చింది, దాని మీద చిన్న లైటు మిణుకుమిణుకుమంటుంది మరి. సొరంగం రెండు చివరలా పెట్టి చూశాం. గాలికి ఊగిన అరటాకు ఒకటి బయటి చివర కిరణానికి అడ్డం పడింది. లోపల ఉన్న బండి బయటికి వెళ్ళిపోయిందని అది లెక్కేసుకుని ఆకుపచ్చ చూపించింది. "చెట్టు నరికేద్దాం" అన్నాడు యజమాని. చెట్టు నరికినా చేయి ఊపే పిల్లలుంటారు, కుక్కలుంటాయి. అది వద్దన్నాను.

రెండోది చక్రాలను లెక్కపెట్టేది. పట్టా పక్కన ఒక చిన్న డబ్బా. ఇనుప చక్రం దాని పక్క నుంచి పోతే ఒకటి అని లెక్క వేసుకుంటుంది. లోపలికి పోయిన చక్రాలన్నీ బయటికి వస్తేనే ఆకుపచ్చ. మంచిదే. కాని దానికి జ్ఞాపకం కావాలి. కరెంటు పోయి వస్తే లెక్క మరిచిపోతుంది, అప్పుడు ఎరుపులోనే నిలబడి, ఎవరైనా బటన్ నొక్కి 'లోపల ఎవరూ లేరు' అని చెప్పేదాకా కదలదు. నాందేడ్‌లో కరెంటు సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ బటన్ అంటేనే నాకు భయం వేసింది. వరుసలో పిల్లలు గోల చేస్తుంటే, లోపలికి తొంగి కూడా చూడకుండా ఎవరో ఒకరు దాన్ని నొక్కేస్తారు.

మూడోది నా సొంత మనిషి. సర్వీసంతా దానితోనే కాపురం చేశాను. పట్టాలలో సన్నని కరెంటు పారుతూ ఉంటుంది. బండి ఎక్కగానే దాని చక్రాలు, ఇరుసు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు ఆ కరెంటును మళ్ళిస్తాయి. చివర రిలే అని ఒక స్విచ్చు ఉంటుంది, దానికి కరెంటు అందక అది పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. వైరు తెగినా, ఫ్యూజు పోయినా, పట్టా విరిగినా అదే ఎరుపు. దీనికి జ్ఞాపకమూ లేదు, బటనూ లేదు. లోపల ఎవరున్నారో వాళ్ళే చెబుతారు. "ఇదే పెట్టుండ్రి" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో సందేహం ఇసుమంత కూడా లేదు.

"చూసినవా, మా చెల్లె బొమ్మ రైలును గుడ గంటకు వంద పోయే ఎక్స్‌ప్రెస్ చేస్తది" అని డ్రైవరన్న నవ్వాడు.

తోటలో మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఇస్లాపూర్ వైపు మనిషి, ట్రాక్టర్లు బాగుచేస్తూ ఈ పనిలోకి వచ్చాడు. బండ్లు రెండూ ఆయన చేతుల మీద తయారైనవే. ఒక బండి ఆయనే నడుపుతాడు. నన్ను మరాఠీలో తాయీ, అంటే అక్కా, అని పిలిచేవాడు. నేను ఏది అడిగినా విసుక్కోకుండా చేశాడు. తుప్పు పట్టిన పట్టా మీద తేలికపాటి బండికి ఈ పద్ధతి సరిగ్గా పనిచేయదని నాకు తెలుసు, అందుకని రోజూ ఖాళీ బండ్లు తిప్పి పట్టాలు మెరిపించమన్నాను. తిప్పాడు. వానలో చూశాం, ఎండలో చూశాం. అరటి జిగురు పట్టాలకు అంటితే ఏమవుతుందోనని అరటి బోదె తెచ్చి రుద్ది కూడా చూశాం. ప్రతిసారీ ఎరుపు వచ్చింది, నిలబడింది. అయినా ఇంటికి వచ్చాక ఇంకేం మరిచిపోయాను, ఇంకేం మరిచిపోయాను అని మనసు పీకుతూనే ఉండేది. రాత్రిళ్ళు కంటి మీద కునుకు సరిగా ఉండేది కాదు.

ప్రారంభం ఖండే నవమి రోజున పెట్టుకున్నారు. దసరా ముందు రోజు పనిముట్లకు పూజ చేస్తారు కదా, ఇక్కడ దాన్నే ఖండే నవమి అంటారు. మా రైల్వేలో కూడా ఆ రోజు రిలే రూము కడిగి, స్పానర్లకు, మీటర్లకు పసుపు కుంకుమ పెట్టేవాళ్ళం. నేనూ పెట్టాను, ప్రతి ఏడూ. ఆ పొద్దున పూజకు ముందే వెళ్ళి రెండు బండ్లనూ తిప్పి చూశాను. సిగ్నల్ చక్కగా పనిచేసింది. మనసు కొంచెం కుదుటపడింది. తరువాత యజమాని ఇంటి ఆడవాళ్ళు నన్ను ఫలహారానికి కూర్చోబెట్టారు. షెడ్డు వైపు గంట మోగింది, హారతి ఇచ్చారు. నేను తిరిగి వచ్చేసరికి బండ్లు రెండూ ప్లాట్‌ఫాం దగ్గర నిలబడి ఉన్నాయి. ఇంజన్ల మీద స్వస్తిక్, ముందు బంతిపూల దండలు. పెట్టెల పక్కన పలకలు కిందికి దిగి ఉంటాయి, పిల్లల కాళ్ళు చక్రాలకు తగలకుండా. అందుకని చక్రాలు పైకి కనబడవు.

"ఇంకొకసారి ఖాళీగ తిప్పుదామా?" అన్నాను.

"ఎన్నిసార్లు తిప్పుతరక్కా? ముహూర్తం దాటుతుంది. పిల్లలు చూడుండ్రి ఎట్ల ఆగమైతున్నరో" అన్నాడు యజమాని. నిజమే, చుట్టాల పిల్లలు, పక్క ఊళ్ళ పిల్లలు కొత్త బట్టలతో తోసుకుంటున్నారు. పొద్దునే చూశాను కదా అనుకున్నాను.

మొదటి బండి మెకానిక్ నడిపాడు, నిండా పిల్లలు. నేను ప్లాట్‌ఫాం చివర ప్యానెల్ పెట్టె దగ్గర నిలబడ్డాను. అక్కడి నుంచి సొరంగం రెండు మూతులూ కనిపిస్తాయి. బండి పల్లం దిగి సొరంగంలోకి వెళ్ళింది. ప్యానెల్లో ఎరుపు వెలిగింది. ఊపిరి వదిలాను. ఇటు రెండో బండిలో పిల్లలు ఎక్కారు, డ్రైవరన్న ఈల వేసి బయలుదేరాడు. సిగ్నల్ ఎర్రగా ఉంటే సొరంగం ముందు ఆగుతాడు, అందులో ఇబ్బందేమీ లేదు.

అప్పుడు ప్యానెల్లో దీపం ఆకుపచ్చ అయింది.

ముందు బండి బయటికి వచ్చేసిందనుకుని అవతలి మూతి వైపు చూశాను. అక్కడ ఏమీ లేదు. మళ్ళీ ప్యానెల్ చూశాను. ఒక క్షణం ఎరుపు, మళ్ళీ ఆకుపచ్చ, ఇక అట్లాగే ఉండిపోయింది. లోపల బండి నిండా పిల్లలున్నారు, నేను పెట్టిన సిగ్నల్ లోపల ఎవరూ లేరంటోంది. డ్రైవరన్న బండి అప్పటికే పల్లంలో ఉంది. ఆయన చూపు సిగ్నల్ మీదే ఉంది. పచ్చ దీపం చూసి బ్రేకు వదిలాడు, బండి వేగం అందుకోవడం నాకు కనబడుతోంది.

"అన్నా, ఆపు!" అని అరిచాను. స్పీకర్లలో సన్నాయి మోగుతోంది. నా అరుపు నాకే వినబడలేదు. కాళ్ళు పరుగెత్తమంటున్నాయి గాని పరుగెత్తి అందుకునే దూరం కాదు. అప్పుడు చేయి దానంతట అదే ప్యానెల్ తలుపు తీసి, పట్టాలకు కరెంటు ఇచ్చే ఫ్యూజును పీకేసింది. కరెంటు పోతే రిలే పడాలి, రిలే పడితే ఎరుపు రావాలి. వచ్చింది.

వచ్చినా లాభముందో లేదో తెలియదు. బండి సిగ్నలుకు బాగా దగ్గరికి వెళ్ళిపోయింది. చేతిలో ఫ్యూజు పట్టుకుని అట్లాగే చూస్తున్నాను. పెట్టెలు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది, పిల్లలు కేకలేశారు. చక్రాలు కొంత దూరం జారి, సిగ్నల్ స్తంభం పక్కన ఇంజను ఆగింది.

ఎట్లా దిగానో తెలియదు, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని, పల్లంలో పరుగెత్తాను. డ్రైవరన్న రెండు చేతులతో బ్రేకు పట్టుకుని కూర్చున్నాడు. పిల్లలు వెనక నుంచి, "కాయ్ ఝాలా ఆజోబా? చలా నా!" అని, ఏమైంది తాతా, పోనీ అని గోల చేస్తున్నారు.

"ఏమైంది చెల్లే?"

"ముందు బండి లోపల్నే ఉన్నదన్నా."

ఆయన తలెత్తి సిగ్నల్ వైపు చూశాడు. "పచ్చగ ఉండె గదా?"

"ఉండె" అన్నాను.

లోపలికి వంగి నడిచాను. వంపు దాటగానే చివరి పెట్టె. దాని మీద పసుపు రంగు పరికిణీ వేసుకున్న ఒక చిన్నపిల్ల చీకట్లో ఎవరో వస్తున్నారని వెనక్కి తిరిగి నవ్వింది. ఆ పిల్ల నడుము మీద చేయి వేసి కాసేపు నిలబడిపోయాను. ముందు ఇంజను దగ్గర మెకానిక్ ఫోను లైటు వేసుకుని, చక్రానికి చుట్టుకున్న బంతిపూల దండను పీకుతున్నాడు. "అయిపోయింది తాయీ, దండ ఊడి చక్రంల ఇరికింది, గంతే" అన్నాడు. ఆ లైటు వెలుగులో చక్రం కనబడింది. నారింజ రంగులో మెరుస్తోంది. వేలితో రుద్దితే వేలికి జిడ్డుగా అంటుకుంది. సింధూరం.

"ఇదేంది?"

"పూజ చేసిన తాయీ. ఇంజను మొకానికి అందరు పెడ్తరు. చక్రాలు దాని పాదాలు గదా. మారుతికి పూసినట్టు నూనెల కలిపి మంచిగ పూసిన, రెండు బండ్లకు. ఒక్క చక్రం విడువలే." ఆ మాట ఎంతో గర్వంగా చెప్పాడు.

తరువాత మీటరు పెట్టి చూశాను. సింధూరం ఉన్న చక్రం మీద ముల్లు కదల్లేదు, గీకిన చోట చక్కగా కదిలింది. మందంగా పూసిన సింధూరం, నూనె చక్రానికీ పట్టాకూ మధ్య ఒక పొరలా నిలిచి కరెంటును అడ్డుకుంది. బండి కదులుతున్నప్పుడు ఎక్కడో ఇనుము తగిలి వచ్చిన ఎరుపు, ఆగగానే పోయింది. పెద్ద ఇంజనుకు ఎంత పూసినా ఆ బరువుకు పట్టా మీద పడగానే నలిగి ఊడిపోతుంది. అందుకే అన్నేళ్ళు మా రైల్వేలో ఎన్ని పూజలు చేసినా ఎవరికీ ఈ భయం పుట్టలేదు. ఈ బండికి ఆ బరువు లేదు. తుప్పు గురించి, వాన గురించి, అరటి జిగురు గురించి ఆలోచించిన నా బుర్రకు, నేను ఏటేటా చేతులారా చేసే పూజ ఒక్కటే తట్టలేదు.

యజమాని ఆ సాయంత్రమే తీర్పు చెప్పేశాడు. "ఇగ మీదట పూజ బంద్. బండికి బొట్టు గుడ పెట్టొద్దు." మెకానిక్ ముఖం మాడిపోయింది. పిల్లలకు ముప్పు తెచ్చానన్న బాధతో అప్పటికే కుమిలిపోతున్నాడు. పైన ఇది. "నేను పోత మాలక్" అన్నాడు. "మొక్కకుండ బండి తోల్తే నాకు మనసు పట్టది." కళ్ళు తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆలోచించాను. బంద్ అంటే బంద్ అవుతుందా? ఈ ఏడు ఈయన మానుతాడు. వచ్చే ఏడు ఇంకెవరో వస్తారు, నాకూ చెప్పరు, యజమానికీ చెప్పరు, మొక్కు తీరాలని చాటుగా చక్రానికి ఇంత పూస్తారు. చాటుగా పూసింది ఇంకా ప్రమాదం. నేనైనా అంతే, నా స్పానర్లకు పూజ చేయొద్దని ఎవరైనా హుకుం వేస్తే దొంగతనంగా చేసేదాన్ని. ఈ మనుషుల మధ్య, ఈ ఊళ్ళో తిరిగే బండి ఇది. చక్రానికి మొక్కితే గుడ్డిదైపోయే సిగ్నల్ ఇక్కడికి పనికిరాదు. ఎంత ప్రాణమైనా సరే, నా సొంత మనిషిని పక్కన పెట్టాల్సి వచ్చింది.

పూజ ఆపొద్దని యజమానికి చెప్పి, పుణె అబ్బాయిని మళ్ళీ పిలిపించాను. చక్రాలను లెక్కపెట్టే డబ్బాలు పెట్టించాం. వాటికి ఇనుము దగ్గరగా వస్తే చాలు, దాని మీద ఏం పూశారో వాటికి పట్టింపు లేదు. ఇక నన్ను భయపెట్టిన ఆ బటన్. దాన్ని తాళంచెవితో తిప్పేట్టు మార్పించాను. తాళంచెవి తిప్పే ముందు ఎవరైనా సరే సొరంగం ఈ మూతి నుంచి ఆ మూతి దాకా కాలినడకన పోయి రావాలి. బండ్లు రెండూ ఎక్కడున్నాయో కంటితో చూడాలి. యజమాని, "ప్రతిసారీ నడుసుడేనా?" అని సణిగాడు. "నడుసుడే" అన్నాను. వెళ్ళిపోతానన్న మెకానిక్ మాత్రం, "నేను నడుస్త తాయీ" అని తాళంచెవి తీసి మొలతాడుకు కట్టుకున్నాడు.

డ్రైవరన్న ఆ రోజు నుంచి మా ఇంటికి చాయ్‌కి రాలేదు. నేనే వెళ్ళాను. దీపావళి సెలవులకు ముందు మళ్ళీ తెరుస్తున్నారు, రమ్మన్నాను.

"చెల్లే, ఎన్నేండ్లు బండి నడిపిన్నో నీకెరుకనే. పచ్చ చూసి ఎన్నడు ఆలోచన చెయ్యలే. పోయిన, అంతే. మొన్న గుడ అట్లనే పోతుంటి. ఇప్పుడు పచ్చ చూస్తె నా చెయ్యి లేస్తలేదు."

"ఇది వేరే మిషనన్నా. నేను అన్ని తీర్ల చూసిన."

"అది గుడ చూసినవు గదా?" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే. ఆ మాట గుండెలో గుచ్చుకుంది. తరువాత ఆయనే అన్నాడు, "నీ సర్వీసుల ఎన్ని సిగ్నళ్ళు పెట్టినవో. నువ్వు పచ్చ ఇస్తె మేం పోయినం. మా ఎన్క నువ్వు ఎన్నడన్న కూసున్నవా?"

లేదు. పట్టాల పక్కన నిలబడి ఇచ్చాను గాని, నేనిచ్చిన ఆకుపచ్చ మీద నేనే ఎక్కి పోవాలని ఎన్నడూ తట్టలేదు. ప్రయాణాలు చేయలేదని కాదు. కాని అప్పుడు నిద్రపోయే ప్రయాణికురాలిని, సిగ్నల్ నాదని తెలిసి కూర్చోలేదు.

"నువ్వు కూసుంటె నడుపుత" అన్నాడు.

తెరవడానికి ముందు రోజు పిల్లలెవరూ లేకుండా చూశాం. నేనే మెకానిక్‌ను పిలిచి, "సింధూరం తెచ్చి చక్రాలకు పుయ్యి. మొన్నటి కంటె మందంగ పుయ్యి" అన్నాను. నమ్మలేనట్టు చూశాడు. తరువాత చెప్పులు విడిచి, కూర్చుని, ఒక్కొక్క చక్రానికీ పూశాడు. మొదటి బండిని ఆయనే సొరంగంలోకి తీసుకువెళ్ళి, వంపు అవతల ఆపి, దీపాలు కూడా ఆర్పేశాడు. రెండో బండి ముందు పెట్టెలో నేను చీర సర్దుకుని, అన్న వెనక ఒక పక్కగా కూర్చున్నాను. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పట్టుకోవడానికి ఒక చిన్న కమ్మీ ఉంది, దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాను.

బండి పల్లం దిగింది. అంత కింద కూర్చుంటే ఆ వేగం ఎంత ఎక్కువగా అనిపిస్తుందో నాకు అప్పుడే తెలిసింది. అన్న భుజం మీదుగా సిగ్నల్ వైపే చూస్తున్నాను. ఎరుపు. దగ్గరికి వచ్చేకొద్దీ ఇప్పుడు మారుతుందేమో, ఇప్పుడు మారుతుందేమో అని చెమటలు పట్టాయి. మారలేదు. అన్న బ్రేకు వేశాడు. స్తంభం ముందు ఆగాం. ఎరుపు అట్లాగే ఉంది. చాలాసేపు ఉంచమని ముందే చెప్పాను, మెకానిక్ ఉంచాడు. అరటాకుల చప్పుడు వినబడుతోంది. నా ఎరుపు ముందు డ్రైవర్లు ఎట్లా కూర్చునేవారో, ఎందుకు విసుక్కునేవారో ఆ రోజు నా నడుముకు తెలిసింది.

కాసేపటికి దీపం ఆకుపచ్చ అయింది.

అవతలి మూతి మాకు కనబడదు. మెకానిక్ బండి బయటికి వెళ్ళిందో లేదో ఆ దీపం చెప్పడమే, ఇంకో ఆధారం లేదు. అన్న చేయి బ్రేకు మీదే ఉంది. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"పోవాల్నా చెల్లే?"

దిగిపోయి, నడిచి చూసి వస్తానని అనాలనిపించింది. నిజంగా అనబోయాను. కాని రేపు ఇదే బల్ల మీద పిల్లలు కూర్చుంటారు, వాళ్ళను ఎవరూ అడగరు.

"పోనియ్యన్నా" అన్నాను.

బ్రేకు వదిలాడు. బండి సొరంగంలోకి దిగింది, వెలుతురు వెనక్కి పోయింది. వంపు దగ్గరికి వస్తున్నాం. ఏమీ కనబడటం లేదు. నేను కమ్మీ వదల్లేదు, కళ్ళు మూసుకోలేదు.